నేలలోని నాణెము

హైదరాబాదులోని వెంగళరావు నగర్ వంటి పేటలలో పాత యిండ్లను పడగొట్టి మేడలు కట్టుట మనము తఱచు చూచుచున్నాము. పునాదులకై లోతైన గోతులు త్రవ్వుదురు. అట్టి గోతిలోని మట్టిని తట్ట కెత్తుచుండగా చిలుము పట్టిన రాగిబిళ్ల యొకటి బయటపడిన దనుకొందము. దానిపై తెలియరాని అక్షరము లున్నవి. ఆ నాణె మెవరిది? కనుగొన్నవానిదా? స్థలము యజమానిదా? ప్రభుత్వముదా? అది మన కేమి చెప్పగలదు?

పాతనాణెములు చెప్పు సంగతులు సామాన్యమైనవి కావు. శాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు పేర్కొనిన సిముకుని పేరుగల నాణెములు జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరకినవి. గోదావరి యొడ్డున నున్న యీ గ్రామమునకు అందువలననే ఆంధ్రుల చరిత్రలో గొప్పస్థానము కలిగినది.

నేలలోని లోహమును త్రవ్వకముందే కనిపెట్టు సాధన మొకటి కలదు. దానిని మెటల్ డిటెక్టరు అందురు. సినిమాహాళ్ల ద్వారములయొద్దను, రైలుస్టేషన్లలోను మనము చూచునది యీ జాతి యంత్రమే. నేలను వెదకు యంత్రమునకు పొడవైన పిడియు, దాని చివర పళ్లెమువంటి భాగమును ఉండును. పళ్లెములో తీగచుట్ట యుండును. అందు దిక్కు మార్చుకొనుచు ప్రవహించు విద్యుత్తువలన చుట్టును అయస్కాంత క్షేత్ర మేర్పడి క్షణక్షణము మారుచుండును. ఆ క్షేత్రములో లోహ మున్నచో దానియందును సన్నని విద్యుత్ప్రవాహములు సుడులు తిరిగి, తమ వంతుగా మఱియొక క్షేత్రమును కల్పించును. యంత్రము దానిని పసికట్టి మ్రోగును. చిన్న నాణెము జానెడు లోతు దాటి యున్నచో కనిపెట్టుట కష్టము. మఱియు ఆ మ్రోత లోహ మున్నదని మాత్రమే చెప్పును. అది తుప్పుపట్టిన మేకో, సీసామూతయో, బంగారు మొహరీయో త్రవ్వి చూచినగాని నిశ్చయముగా తెలియదు.

చిక్కంతయు ఆ త్రవ్వుటలోనే యున్నది. నేల పొరలు పొరలుగా ఏర్పడును. సాధారణముగా క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది. నాణెము ఏ పొరలో, వేనితో కలిసి యున్నదో తెలిసినప్పుడే దాని కాలమును, కథయు తెలియును. యంత్రము మ్రోగగనే గునపముతో పెల్లగించినవానికి నాణెము చేజిక్కును గాని దాని కథ చెదరిపోవును. ఒకసారి చెదరిన పొరను మరల అమర్చుట ఎవరి తరమును కాదు.

ఇందుకు ఫణిగిరి మంచి దృష్టాంతము. సూర్యాపేట జిల్లాలోని యీ ప్రాచీన బౌద్ధక్షేత్రమున 2024వ సంవత్సరము మార్చి నెలలో తెలంగాణ వారసత్వ శాఖవారు త్రవ్వకములు జరుపుచుండగా, రెండడుగుల లోతున చిన్న మట్టికుండ కనబడినది. అందు 3,730 సీసపు నాణెము లుండెను. వానికి ఒక ప్రక్క ఏనుగును, రెండవ ప్రక్క ఉజ్జయిని చిహ్నమును ఉన్నవి. కుండ మూతిపై మూకుడువంటి పాత్రయు, లోపల పగిలిన గిన్నె యడుగును కప్పబడి యుండెను. ఆ మూతను బట్టి యివి జాఱిపడిన నాణెములు కావనియు, ఎవరో జాగ్రత్తగా దాచుకొన్నవనియు గ్రహింపవచ్చును. అవి క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలోని ఇక్ష్వాకుల కాలపువని పండితులు నిర్ణయించిరి. ఒక్కొక్క నాణెము సగటున 2.3 గ్రాములు తూగినది. తూకమునకు అమ్మినచో కుండెడు నాణెములును ఎనిమిదిన్నర కిలోల సీసము మాత్రమే! చరిత్రకు మాత్రము అవి వెలలేనివి.

యంత్రముతో వెదకువాడును వివేకియైనచో చరిత్రకు మేలు చేయగలడు. 1992వ సంవత్సరము నవంబరులో ఇంగ్లండులోని హాక్సన్ గ్రామమున ఒక రైతు పొలములో సుత్తి పోగొట్టుకొనెను. అతని మిత్రుడు మెటల్ డిటెక్టరుతో దానిని వెదకుచుండగా వెండి నాణెములును, బంగారు గొలుసులును కనబడెను. అతడు కొన్నింటిని మాత్రము తీసి, త్రవ్వుట మాని, అధికారులకు కబురు పంపించెను. మఱునాడు పురావస్తు పండితులు వచ్చి మిగిలినవానిని పద్ధతిగా వెలికితీసిరి. దాదాపు 15,000 రోమను నాణెములు లభించెను. చెక్కపెట్టె మట్టిలో కలిసిపోయినను, వస్తువులు అమరియున్న తీరునుబట్టి దాని లోపల చిన్నపెట్టె లుండెనని తెలిసికొనగలిగిరి. కనుగొన్నవాడు తనకు వచ్చిన గొప్ప బహుమానమును రైతుతో పంచుకొనెను. పోయిన సుత్తియు దొరకి, నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నది.

ఇక నాణె మెవరిదను ప్రశ్న. భూమి నాదైనచో నిధియు నాదే యని పలువురు తలంతురు. చట్ట మట్లు చెప్పదు. 2021వ సంవత్సరము ఏప్రిలులో జనగామ జిల్లా పెంబర్తియొద్ద, కొనిన భూమిని చదును చేయించుచుండగా బంగారు, వెండి నగలు గల రాగిపాత్ర బయటపడినది. భూమి సొంతదే యైనను ఆ సొత్తును అధికారులు స్వాధీనము చేసికొనిరి. 1878వ సంవత్సరపు నిధినిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో, ఏమి దొరకినదియు, ఎచ్చట, ఏనాడు దొరకినదియు వ్రాసి కలెక్టరునకు తెలుపవలెను. విచారణలో హక్కుదారు లెవరును లేరని తేలినచో, కనుగొన్నవానికి మూడు పాళ్లును, స్థలము యజమానికి ఒక పాలును చెందును. వారిరువురును వేఱువిధముగా ఒడంబడవచ్చును. ప్రభుత్వమే తీసికొనదలచినచో లోహపు వెలకు అందులో ఐదవవంతు చేర్చి చెల్లించును. తెలుపక దాచినవానికి ఆ పాలు పోవుటయే గాక ఏడాదివరకు చెఱసాలయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన స్థలములలో అనుమతి లేక త్రవ్వుట వేఱొక నేరము.

కావున మన పునాదిగోతిలో నాణెము కనబడినచో పనిని కొంతసేపు ఆపవలెను. మిగిలినవానిని కదల్పక ఫోటో తీసి, ఎంత లోతున నున్నవో కొలిచి వ్రాసికొని, అధికారులకు తెలుపవలెను. చింతపండుతో తోమి తళతళలాడింప జూడరాదు. చిలుముతోపాటు అక్షరములును అరిగిపోవచ్చును. ఆ రాజు పేరు చదువవలసినవారు ఇంకను రాకమున్నే దానిని తుడిచివేయుట మనకు తగునా?