తలల లెక్క ఒకటి, గంటల లెక్క ఇంకొకటి

వీడియో గేమ్ ఒక్కరే కూర్చుని ఆడుకోవడం ఇష్టమా, ఆన్‌లైన్‌లో పదిమందితో కలిసి ఆడటం ఇష్టమా? మిడియా రీసెర్చ్ అనే సంస్థ ఈ ప్రశ్నను పలు దేశాల గేమర్లను అడిగింది. 53 శాతం మంది సింగిల్ ప్లేయర్‌కే ఓటేశారు. వయసు పెరిగేకొద్దీ ఆ మొగ్గు ఇంకా పెరిగింది. ఎదుటివాళ్లతో తలపడే ఆన్‌లైన్ ఆటల మీద మోజు ఎక్కువగా కుర్రకారులోనే కనిపించింది.

న్యూజూ అనే మరో సంస్థ ఎవరి ఇష్టమేమిటో అడగలేదు. ఎవరు ఏది ఎంతసేపు ఆడుతున్నారో కొలిచింది. 2023లో పీసీలు, కన్సోళ్ల మీద జనం ఆడిన మొత్తం సమయంలో 60 శాతానికి పైగా ఆరేళ్లు దాటిన పాత ఆటలకే పోయింది. అందులోనూ ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 అనే ఐదు ఆటలే 27 శాతం పట్టుకుపోయాయి. మైన్‌క్రాఫ్ట్‌ను ఒక్కరే ఆడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, జీటీఏ 5లో ఒంటరిగా ఆడాల్సిన పెద్ద కథే ఉంది. అయినా ఐదింటికీ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే జనం దండిగా ఉన్నారు.

మెజారిటీ ఒకవైపు ఉంటే గంటలు రెండోవైపు ఎలా పోయాయి? రెంటిలో ఏదీ తప్పు కాదు. మొదటిది తలలు లెక్కపెట్టింది, రెండోది గంటలు లెక్కపెట్టింది.

కథ ముగుస్తుంది, మ్యాచ్ ముగియదు

2015లో వచ్చిన ద విచర్ 3ని తీసుకుందాం. ప్రధాన కథ వరకే ఆడితే సుమారు 50 గంటల్లో అయిపోతుంది. పక్క కథలన్నీ ముట్టుకుంటే అంతకు రెట్టింపు పైనే పడుతుంది. ఎంత ఆడినా ఒకనాటికి చివరి సన్నివేశం వస్తుంది, పేర్లు పడతాయి, ఆట పక్కన పెట్టేస్తాం. బీజీఎంఐ, వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ ఆటలకు ఆ చివరి సన్నివేశం లేదు. మ్యాచ్ అయిపోతే ఇంకో మ్యాచ్. సీజన్ ముగిస్తే ర్యాంకు కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కాలి. రోజువారీ మిషన్లు పూర్తిచేయకపోతే బ్యాటిల్ పాస్‌లో బహుమతులు చేజారిపోతాయి.

ఇప్పుడు వంద మంది గేమర్లు ఉన్నారనుకోండి. 53 మంది సింగిల్ ప్లేయర్ అభిమానులు. ఒక్కొక్కరు ఏడాదికి 50 గంటల ఆటలు రెండు పూర్తిచేశారు. అందరివీ కలిపితే 5,300 గంటలు. మిగిలిన 47 మందిలో పదిమందే రోజూ రెండు గంటలు ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడారు. ఏడాదికి వాళ్ల లెక్క 7,300 గంటలు. తక్కిన 37 మందిని లెక్కలోకి తీసుకోకముందే మల్టీప్లేయర్ ముందుకు వెళ్లిపోయింది. అంకెలు నేను ఊహించి వేసినవే, కానీ సర్వేకీ కొలతకీ మధ్య తేడా పుట్టేది ఇలాగే.

గంటల వెంటే డబ్బూ వస్తుంది. ఉచితంగా ఇచ్చే ఆటకు ఆదాయం స్కిన్లు (పాత్రల వేషాలు), డ్యాన్సులు, పాస్‌ల అమ్మకం నుంచి రావాలి. రోజూ దుకాణం ముందు నుంచి నడిచేవాడు ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వస్తాడు. ఈ అమ్మకాలు వివాదాలకూ దారితీశాయి. ఫోర్ట్‌నైట్ యజమాని ఎపిక్ గేమ్స్ అమెరికాలో 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, తెలియకుండానే కొనుగోలు జరిగిపోయేలా బటన్లు అమర్చారన్న ఆరోపణకు సంబంధించినవి. మిగతా 27.5 కోట్లు పిల్లల గోప్యత ఉల్లంఘనకు జరిమానా.

కంపెనీలు ఏ లెక్కను నమ్మాయి?

గంటల లెక్కనే. 2017 అక్టోబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) తన విసరల్ స్టూడియోను మూసేసింది. అక్కడ తయారవుతున్న స్టార్ వార్స్ ఆట కథ నడకతో సాగే సింగిల్ ప్లేయర్ ఆట. ఆటగాళ్లు మళ్లీ మళ్లీ తిరిగొచ్చే రకం ఆట కావాలన్నది కంపెనీ అప్పట్లో చెప్పిన కారణం. రెండేళ్లకు అదే ఈఏ, 2019 నవంబరులో స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్ విడుదల చేసింది. అదీ పక్కా సింగిల్ ప్లేయరే, కోటి కాపీలు దాటింది.

సోనీ ఇంకా పెద్ద పందెం కాసింది. 2026 మార్చిలోగా 12 లైవ్ సర్వీస్ ఆటలు (కొత్త సరుకు కలుపుతూ ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో నడిపేవి) తెస్తామంది, 2023 నవంబరుకల్లా ఆ అంకెను ఆరుకు తగ్గించుకుంది. వచ్చిన వాటిలో కాంకర్డ్ కథ అందరికీ తెలిసిందే. 2024 ఆగస్టు 23న 40 డాలర్ల ధరకు విడుదలైంది. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ వేదిక మీద ఒకేసారి ఆడినవాళ్ల సంఖ్య అత్యధికంగా 697. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 6న, సర్వర్లు ఆపేసి డబ్బు వెనక్కిచ్చారు. అక్టోబరులో ఆ స్టూడియోనూ మూసేశారు. అదే ఏడాది వార్నర్ బ్రదర్స్ సూసైడ్ స్క్వాడ్ ఆట మీద 20 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది.

కాంకర్డ్ విడుదలకు మూడు రోజుల ముందే, ఆగస్టు 20న, చైనా స్టూడియో గేమ్ సైన్స్ బ్లాక్ మిత్: వూకాంగ్‌ను వదిలింది. ఒక్కరే ఆడాల్సిన ఆట అది. స్టీమ్ మీద ఒకేసారి 24 లక్షల మంది ఆడారు. మూడు రోజుల్లో అన్ని వేదికల్లో కలిపి కోటి కాపీలు అమ్ముడయ్యాయి.

ఇది చూసి మల్టీప్లేయర్ పని అయిపోయిందనుకుంటే పొరపాటే. 2024 ఫిబ్రవరిలో సోనీయే విడుదల చేసిన హెల్‌డైవర్స్ 2 పన్నెండు వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు అమ్మింది. అసలు చిక్కు గంటల దగ్గరే ఉంది. రోజుకు 24 గంటలే. ఫోర్ట్‌నైట్‌లో ఏళ్ల తరబడి స్కిన్లు కూడబెట్టుకున్నవాడు, దోస్తులంతా అక్కడే ఉన్నవాడు కొత్త ఆటకు ఊరికే మారడు. న్యూజూ లెక్కలోనే ఇంకో అంకె ఉంది: ఏటా వచ్చే సిరీస్‌లు తీసేస్తే కొత్త ఆటలకు దక్కింది మొత్తం సమయంలో 8 శాతం. కొత్త సింగిల్ ప్లేయర్ ఆట పాత ఆట మీద గెలవాల్సిన పని లేదు, ఓ నెల రోజులు చోటు దొరికితే చాలు. కొత్త మల్టీప్లేయర్ ఆట మాత్రం పాతదాన్ని ఖాళీ చేయించి ఆ ఇంట్లో దిగాలి.

వందలో ఒక్కడు

బీజీఎంఐ క్లాసిక్ మ్యాచ్‌లో వంద మంది దిగుతారు. సోలోగా ఆడితే సగటు ఆటగాడు గెలిచేది వందలో ఒకసారి. నలుగురి స్క్వాడ్ అయితే 25 జట్లు, కాబట్టి వందలో నాలుగుసార్లు. రోజుకు నాలుగు స్క్వాడ్ మ్యాచ్‌లు ఆడేవాడికి చికెన్ డిన్నర్, అంటే గెలుపు, సగటున ఆరు రోజులకొకటి. మొదట్లో కంప్యూటర్ నడిపే బాట్లను కలుపుతారు గనక ఇంతకంటే ఎక్కువే గెలుస్తాం. ర్యాంకు పెరిగేకొద్దీ అవి తగ్గుతాయి.

ఐదుగురికి ఎదురుగా ఐదుగురు ఆడే ర్యాంక్డ్ ఆటల్లో పద్ధతి వేరు. చదరంగం నుంచి వచ్చిన ఈలో తరహా రేటింగ్‌తో సమ ఉజ్జీలను జత చేస్తారు. ఆ ఏర్పాటు ఎంత బాగా పనిచేస్తే మీ గెలుపు శాతం 50కి అంత దగ్గరగా వస్తుంది. మీరు మెరుగుపడితే ప్రత్యర్థీ మెరుగైనవాడే వస్తాడు. నాణెం ఎగరేసినట్టుండే ఈ స్థితిలో 50 మ్యాచ్‌లు ఆడితే, మధ్యలో ఎక్కడో ఒకచోట వరసగా ఐదు ఓడిపోయే అవకాశం సగానికి పైనే. ఐదూ పోయిన రాత్రి జట్టువాళ్లను తిట్టేవాళ్లకు, ఫోను విసిరికొట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆటను ఎవరూ రిగ్ చేయకపోయినా ఇలాంటి రాత్రి వస్తుంది.

సింగిల్ ప్లేయర్‌లో ఎల్డెన్ రింగ్ లాంటి కఠినమైన ఆటలోనైనా ఓడించాల్సిన రాక్షసుడు నిన్నటి బలంతోనే నిలబడి ఉంటాడు. ఇరవైసార్లు చచ్చినా ఇరవై ఒకటోసారి వాడి కత్తి ఎటు నుంచి వస్తుందో తెలిసిపోతుంది. నేర్చుకున్నది వృథా పోదు. కొన్నవాళ్లందరూ గెలవొచ్చు, ఒకరి గెలుపు కోసం 99 మంది ఓడక్కర్లేదు. గేమర్ల మనస్తత్వాన్ని అధ్యయనం చేసే క్వాంటిక్ ఫౌండ్రీ గమనించినదాని ప్రకారం, వయసుతోపాటు బాగా తగ్గిపోయేది పోటీ మీద ఆసక్తి. ముప్పై దాటినవాళ్లు కథల వైపు మళ్లడం వెనక ఇదొక కారణం.

నలుగురూ దొరకాలి కదా

ఇంకో కారణం తీరిక. నలుగురు స్నేహితుల్లో ఒక్కొక్కరు రెండు రోజులకొకసారి రాత్రి పదింటికి ఖాళీగా ఉంటారనుకుందాం. నలుగురూ ఒకే రాత్రి దొరికేది పదహారింట ఒకసారి. ఇంజినీరింగ్ హాస్టల్లో ఈ బెడద లేదు, నలుగురూ ఒకే గదిలో ఉంటారు. చదువైపోయి ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు డాలస్‌లో తేలాక మొదలవుతుంది. ఎండాకాలంలో ఇక్కడ ఉదయం 9 అయితే అక్కడ ముందురోజు రాత్రి 10:30.

దూరం కూడా అడ్డమే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు గాలిదారిన 620 కిలోమీటర్లు, పోయిరావడానికి 6 మిల్లీసెకన్లు. సింగపూర్‌కు 3,300 కిలోమీటర్లు, 33 మిల్లీసెకన్లు. డాలస్‌కు దాదాపు 14 వేలు, 140 మిల్లీసెకన్లు. ఇవి కనీసాలు, అసలు పింగ్ (పోయిరావడానికి నిజంగా పట్టే సమయం) ఇంతకంటే ఎక్కువే చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల తెర మీద ఒక ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు. అంటే డాలస్ సర్వర్‌లో ఆడే హైదరాబాదీ ఎప్పుడూ కనీసం ఎనిమిది ఫ్రేములు వెనకే ఉంటాడు.

ఇంత ఉన్నా మన దగ్గర మల్టీప్లేయర్ రాజ్యమేలుతోంది. బీజీఎంఐ విడుదలైన ఏడాదికి, 2022 జులై నాటికి, పది కోట్ల మంది రిజిస్టర్ అయ్యారు. ఇష్టంతోపాటు చేతిలో ఉన్న వస్తువూ దీన్ని నిర్ణయించింది. వూకాంగ్ ఆడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న పీసీయో కన్సోలో ఉండాలి, ఆటకే మూడు వేలకు పైగా పెట్టాలి, డిస్కులో 130 జీబీ ఖాళీ ఉండాలి. సెకనుకు 30 మెగాబిట్ల కనెక్షన్‌తో అది దిగడానికే తొమ్మిదిన్నర గంటలు. బీజీఎంఐకి ఇంట్లో ఉన్న ఫోను చాలు.

సర్వర్ ఆగిన రోజు

ఉచితంగా వచ్చినదాని తాళం మన చేతిలో ఉండదు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది, అక్టోబరు 30న ఇక్కడి ఆటగాళ్లకు సర్వర్లు ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. అదే ఏడాది జులైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయమై, పది నెలలకు తిరిగొచ్చింది. వస్తూ వస్తూ 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అనే పరిమితి తెచ్చుకుంది.

డబ్బు పెట్టి కొన్నా ఇదే గతి పట్టొచ్చు. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ద క్రూ అనే కారు రేసుల ఆటను ఒక్కరే నడిపినా ఇంటర్నెట్ తప్పనిసరి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయడంతో కొన్నవాళ్లెవరూ ఆడలేకపోయారు. దాని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం ఐరోపాలో 2025 జులైకల్లా పది లక్షల సంతకాలు దాటింది. డిజిటల్‌గా కొనేది సొంత ఆస్తి కాదు, లైసెన్సు మాత్రమేనని కొనేటప్పుడే చెప్పాలంటూ కాలిఫోర్నియా తెచ్చిన చట్టం 2025 జనవరి 1న అమల్లోకొచ్చింది. కాబట్టి సింగిల్ ప్లేయర్ అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు, నెట్ తీసేసినా నడుస్తుందా అన్నది కొనేముందే చూసుకోవాలి.

చాలామంది గేమ్ విలువను గంటకింత అని కడతారు. 3,000 రూపాయల ఆట 50 గంటలు వస్తే గంటకు 60. ఉచిత ఆట రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదికి 730 గంటలు ఆడితే గంటకు సున్నా. ఈ లెక్కలో ఉచితమే ఎప్పుడూ గెలుస్తుంది, ఎందుకంటే మన గంటకు అది ధర కట్టదు. 730 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 91 పనిదినాలు. నలుగురు స్నేహితులు రోజూ దొరికే వయసులో ఆ గంటలు స్నేహానికి పెట్టుబడి, నిశ్చింతగా ఆడొచ్చు. ఎవరో తెలియని 99 మందితో ఒంటరిగా తలపడటానికే అయితే, 50 గంటల్లో ముగిసే కథే చవక.