పలక పట్టకముందే పాఠాలు!

ఇంట్లో 'యాడి' అంటాడు. పుస్తకంలో 'అమ్మ' అని ఉంటుంది. ఇంట్లో 'పాణి' అడుగుతాడు. బళ్లో 'నీళ్లు' అనాలి. లంబాడా తండా నుంచి ఒకటో తరగతికి వచ్చిన పిల్లాడికి మొదటిరోజే రెండు పనులు పడతాయి. అక్షరం నేర్చుకోవాలి. ఆ అక్షరంతో రాసే భాషనూ నేర్చుకోవాలి. పక్కన కూర్చున్న తెలుగింటి పిల్లాడికి ఒక్కటే పని. అందుకే తండా పిల్లాడు కొన్నాళ్లపాటు నోరు విప్పడు. 'వీడికేమీ రాదు' అన్న ముద్ర పడిపోతుంది. అలా ముద్రపడిన పిల్లలే కదా, రెండు మూడేళ్లు తిరిగేసరికి బడి ముఖం చూడటం మానేసేది!

ఇంతకీ... వాడికి నిజంగా ఏమీ రాదా?

అందరూ వచ్చినవాళ్లే!

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ సంగతే తీసుకుందాం. నాగార్జునసాగర్‌కు కుడిగట్టున ఉన్న ఊరిది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో రాళ్లు మోసే కూలీలు, తాపీ మేస్త్రీలు, ఇంజినీర్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చారు. లోయలోని పుల్లారెడ్డిగూడెం నీళ్లలో కలిసిపోయింది. జలాశయం నిండాక చేపలవేటకు కోస్తా నుంచి మత్స్యకారులు తరలివచ్చారు. అవతలి ఒడ్డున ఏకంగా 'వైజాగ్ కాలనీ'యే వెలిసింది. ఇక చుట్టుపక్కల లంబాడా తండాలు, నల్లమల అంచున చెంచు గూడేలు సరేసరి.

ఈ కలబోత ఇక్కడ కొత్తేమీ కాదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. నాగార్జునకొండలో దొరికిన ఓ శాసనంలో కశ్మీరం, గాంధారం, చైనా, వంగం, తామ్రపర్ణి... ఇలా ఎన్నో దేశాల పేర్లున్నాయి. పదిహేడు వందల ఏళ్ల కిందటే పది దేశాల ఊసు తెలిసిన చోటిది. ఇలాంటి ప్రాంతంలో పిల్లలందరూ ఒకేలాంటి ఇంటి నుంచి వస్తారనుకుంటే ఎలా?

బుట్టలో సైన్సు... వలలో లెక్కలు

శ్రావణమాసంలో తండాల్లో తీజ్ పండుగ జరుగుతుంది. పెళ్లికాని అమ్మాయిలు గోధుమలు నానబెట్టి, ఎరువు కలిపిన మట్టి నింపిన బుట్టల్లో చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. 'విత్తనాలు మొలకెత్తుట' పాఠం ఆ ఇంట్లో ఏటా జరిగేదే! గింజలు ఎందుకు నానబెట్టాలి? బుట్టను చీకటి గదిలో పెడితే మొలక పచ్చగా ఉంటుందా, పసుపు రంగులోకి తిరుగుతుందా? ఈ ప్రశ్న టీచరు అడిగితే ముందు లేచే చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా?

అద్దాలు కుట్టిన లంబాడా రవికను చూడండి. త్రిభుజాలు, చతురస్రాలు, ఇటు ఎలా ఉంటే అటూ అలాగే ఉండే కుట్టు. సౌష్ఠవం గురించి బోర్డు మీద గీసి చెప్పేదానికన్నా బాగా అర్థమవుతుంది. చేపలు పట్టేవాళ్ల పిల్లాడికి వల కన్ను ఎంతుంటే ఏ చేప పడుతుందో తెలుసు. సాగర్ నిండు మట్టం 590 అడుగులన్నది ఇక్కడి ఇళ్లలో రోజూ వినపడే మాటే. 'ఇవాళ 578 ఉంటే నిండటానికి ఇంకెన్ని అడుగులు కావాలి?' అనండి... తీసివేత వచ్చేస్తుంది. చెంచు పిల్లలకు ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, తేనెపట్టు ఎక్కడ కడుతుందో తెలుసు. ఇక పల్నాటి పిల్లలకు బ్రహ్మనాయుడి చాపకూడు కథ చెప్పక్కర్లేదు. కులభేదం లేకుండా అంతా ఒకే బంతిలో కూర్చుని తిన్న ఆ కథతో మొదలుపెడితే, రాజ్యాంగంలోని సమానత్వం బట్టీపట్టే మాటగా మిగిలిపోదు.

గిడుగు నాడే చెప్పారు

ఈ ఆలోచన మనకు ఎక్కడి నుంచో అరువొచ్చింది కాదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడి పెట్టారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఆ దారిలో ప్రభుత్వం అడుగేసింది 2004లో. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా... ఈ ఎనిమిది భాషల్లో చదువు చెప్పే కార్యక్రమాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేశారు. మొదట ఇంటిభాష, ఆ తరవాత మెల్లగా తెలుగులోకి నడిపించడం దీని పద్ధతి. అయితే దీనికి పుస్తకం ఒక్కటే చాలదు, ఆ భాష తెలిసిన టీచరూ ఉండాలి.

అమెరికాలోని అరిజోనాలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. మెక్సికో మూలాలున్న పిల్లల ఇళ్లకు టీచర్లే వెళ్లారు. తప్పులు పట్టడానికి కాదు, నేర్చుకోవడానికి! ఓ పిల్లాడు మెక్సికో మిఠాయిలు అమ్ముతాడని తెలిసి, ఓ టీచరు దాన్నే పాఠంగా మార్చారు. ఓ తల్లి తరగతికి వచ్చి మిఠాయి తయారుచేసి చూపించింది. లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో ఈ అనుభవాలను ప్రచురించాక ప్రపంచమంతా దీన్ని గురించి మాట్లాడుకుంది.

ఇంగ్లీషు సంగతేంటి?

'తండా మాట ఇంట్లో ఎలాగూ ఉంది. బళ్లో ఇంగ్లీషు చెప్పండి చాలు' అంటారు చాలామంది తల్లిదండ్రులు. వాళ్ల ఆశలో తప్పులేదు. రేపు ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు రావాల్సిందే. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. కానీ తండా పిల్లాడికి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మొదటి మెట్టు లేకుండా మూడో మెట్టెక్కమంటే ఎలా? వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం అంటోంది. 2020 జాతీయ విద్యావిధానమూ వీలున్నచోట కనీసం అయిదో తరగతి దాకా అదే మేలంటోంది. ఇంటి మాటతో అర్థమైన విషయాన్ని ఇంగ్లీషులో చెప్పడం సులువు. అర్థంకానిది ఏ భాషలో అయినా బట్టీయే!

ఇవి మాత్రం వద్దు

మంచి ఉద్దేశంతో చేసినా వికటించే పనులు కొన్నున్నాయి. అందరి ముందూ లేపి 'మీ నాన్నేం చేస్తాడు?' అని అడిగితే, కొందరు పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. పాఠానికి కావాల్సింది ఆ ఇంటి నేర్పు, ఆ ఇంటి కులమూ పేదరికమూ కాదు. వార్షికోత్సవంలో లంబాడా వేషం వేయించి డ్యాన్సు చేయిస్తే సరిపోతుందనుకోవడం మరో పొరపాటు. ఇక మూడోది... ఇంటి దగ్గరే ఆగిపోవడం. తీజ్ బుట్ట దగ్గర మొదలైన పాఠం కిరణజన్య సంయోగక్రియ దాకా వెళ్లాలి. 'వీళ్లకిది చాల్లే' అనుకుంటే అది మరో రకం చిన్నచూపు.

పెద్దలు చేయగలిగిందీ ఉంది. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులెన్ని అని అడగడంతో ఆగకండి. మీ ఇంట్లో ఏ పని చేస్తారో, ఏ పండుగ ఎలా జరుపుకుంటారో టీచరుగారికి చెప్పండి. పిలిస్తే ఓ గంట తరగతికి వెళ్లి చూపించండి. వల అల్లడమైనా, అద్దాల కుట్టయినా... మీకు సంతకం పెట్టడం రాకపోయినా సరే, ఆ గంట మీరే టీచరు!