చెవిలో కచేరీ

కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలంటారు. ఆ పెద్దలే మరొకప్పుడు పాతది బంగారం అని కూడా అంటారు. ఈ రెంటిలో ఏది నిజం? బియ్యం పాతవయితే మంచివి. కూరగాయలు కొత్తవయితే మంచివి. కాబట్టి ఏ వస్తువుకు ఆ వస్తువును విడిగా విచారించి చూడవలసిందే.

మరి హెడ్‌ఫోన్ల మాట ఏమిటి?

హెడ్‌ఫోన్లంటే మీకు వేరే చెప్పనక్కరలేదు. వాటిని తలకు తగిలించుకుంటే చెవిలోనే కచేరీ మొదలవుతుంది. అయితే ఒక చిత్రమైన సంగతి వున్నది. యాభై అరవై ఏళ్లనాటి హెడ్‌ఫోన్లను వెతికి సంపాదించి, దుమ్ము దులిపి, బాగుచేసుకుని వినేవాళ్లు ప్రపంచంలో చాలామంది వున్నారు. ఇప్పటి ఖరీదైన హెడ్‌ఫోన్లకన్నా ఇవే మేలని వాళ్లలో కొందరి వాదన. కాదు, కొత్తవే మేలని మరికొందరి వాదన. ఏవి బాగా వినిపిస్తవి? ఏవి చెవికి సుఖం? ఈ తగవులో మనం తీర్పరులుగా కూర్చుందాం. తీర్పు చెప్పేముందు రెండు పక్షాల కథా వినాలి గదా!

వంటింట్లో తయారైన హెడ్‌ఫోన్లు

అమెరికాలో యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన వుండేవాడు. 1910లో ఆయన తాను తయారుచేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళానికి పంపాడు. ఓడల మీద వైర్‌లెస్ వార్తలు వినేవాళ్లకు అప్పట్లో మంచి హెడ్‌ఫోన్లు లేవు. నౌకాదళం వాళ్లు వీటిని పరీక్షించి చూసి ఆశ్చర్యపోయారు. అంతకుముందు వినపడీ వినపడనట్టున్న సంకేతాలు వీటిలో స్పష్టంగా వినిపించినవి. ఇంకా కావాలని కబురు చేశారు. ఒక్కసారికి పదింటిని మించి చెయ్యలేనని బాల్డ్విన్ జవాబిచ్చాడు. ఎందుకంటే ఆయన కార్ఖానా ఆయన ఇంట్లోని వంటగదే!

ఆ హెడ్‌ఫోన్లలో ఒక్కొక్క చెవి బిళ్ల లోపల దాదాపు ఒక మైలు పొడుగున్న సన్నని రాగితీగ చుట్టి వుండేది. చెవికి మెత్తగా తగిలేందుకు మాత్రం ఏమీ లేదు. గట్టి బిళ్ల నేరుగా చెవికి ఒత్తుకునేది. గంటల తరబడి అవి పెట్టుకుని కూర్చున్న నావికుల చెవులు ఎట్లా వుండేవో మీరే ఊహించుకోండి.

ఆ కాలపు హెడ్‌ఫోన్లు ఎట్లా పనిచేసేవో తెలుసుకుందాం. ఒక అయస్కాంతం, దానికి చుట్టిన తీగచుట్ట, ఎదురుగా ఒక పలచని ఇనుపరేకు. తీగలో విద్యుత్తు పెరిగితే రేకు లోపలికి లాగబడుతుంది. తగ్గితే వెనక్కు వస్తుంది. ఇట్లా సెకండుకు వందలసార్లు, వేలసార్లు అదిరి, రేకు గాలిని కదిలిస్తుంది. ఆ గాలి కదలికే మన చెవికి శబ్దం. బాల్డ్విన్ మాత్రం ఇనుపరేకుకు బదులు అభ్రకపు బిళ్ల వాడాడు. మన నెల్లూరు ప్రాంతపు గనులకు పేరు తెచ్చిన ఖనిజమే ఈ అభ్రకం.

ఇనుపరేకుతో ఒక చిక్కు వున్నది. మీ ఇంట్లో స్టీలు పళ్లేన్ని వేలితో కొట్టి చూడండి. ఎట్లా కొట్టినా దాని స్వరం దానిదే గాని మీరు కోరిన స్వరం రాదు. హెడ్‌ఫోనులోని రేకూ అంతే. తనకు ఇష్టమైన స్వరం వచ్చినప్పుడు గొంతెత్తి అరుస్తుంది, మిగిలినవాటిని గొణుగుతుంది. మాటలు అర్థం చేసుకోవటానికి అది చాలు. సంగీతం వినటానికి చాలదు. తంబురా శ్రుతీ, మృదంగపు గుమికీ అందులోనుంచి రావు.

రేకు పోయి పొర వచ్చింది

ఈ చిక్కును విడదీసినవాడు జర్మనీ దేశస్థుడు యూజెన్ బేయర్. ఆయన కంపెనీ 1937లో డీటీ 48 అనే హెడ్‌ఫోన్లను తయారుచేసింది. ఇందులో అయస్కాంతం కదలదు. తేలికైన పొరకు సన్నని తీగచుట్టను అతికిస్తారు. విద్యుత్తు వచ్చినప్పుడు తీగచుట్టే కదులుతూ పొరను తనతో ఆడిస్తుంది. ఇనుపరేకు మొండితనం దీనికి లేదు. ఈనాటికీ మనం వాడే హెడ్‌ఫోన్లలో చాలాభాగం ఈ పద్ధతిలోనే పనిచేస్తవి. డీటీ 48 ఎన్నాళ్లు తయారయిందో తెలుసా? 2012 దాకా! డెబ్భయి అయిదేళ్లు! పాటల, మాటల మధ్యస్థాయి స్వరాలను అది ఎంతో స్పష్టంగా వినిపించేది. కాని తలను గట్టిగా బిగించి పట్టుకునేది. అందువల్ల అది పనివాళ్ల పరికరం అయింది గాని విశ్రాంతిగా వినేవాళ్లది కాలేదు.

ఇంట్లో కూర్చుని సంగీతం వినటానికి హెడ్‌ఫోన్లు పనికివస్తాయని లోకానికి చూపినవాడు అమెరికాలో మిల్వాకీ నగరపు జాన్ కాస్. 1958లో ఆయన, మార్టిన్ లాంగే అనే ఇంజనీరు కలిసి, ఒక చిన్న గ్రామఫోనుకు తోడుగా హెడ్‌ఫోన్లను జతచేసి ప్రదర్శనకు పెట్టారు. కుడి చెవికి ఒక శబ్దం, ఎడమ చెవికి ఒక శబ్దం వెళ్లటం వల్ల గానసభ మధ్య కూర్చున్నట్టు అనిపించింది. చూడవచ్చినవాళ్లు గ్రామఫోనును మరిచిపోయి హెడ్‌ఫోన్ల చుట్టూ మూగారు.

మూసినవీ, తెరిచినవీ

ఇప్పుడు మీరొక చిన్న ప్రయోగం చెయ్యాలి. రెండు అరచేతులను దొప్పల్లాగా వంచి చెవులను పూర్తిగా మూయండి. అట్లాగే వుండి పది అంకెలు పైకి చదవండి. మీ గొంతు మీకే కుండలోనుంచి వచ్చినట్టు వినిపించింది కదూ? చేతులు తీసి మళ్లీ చదవండి. శబ్దం తేలికపడి బయటికి పరుచుకున్నట్టుంటుంది.

వెనకవైపు మూసివున్న హెడ్‌ఫోన్లలో శబ్దం మొదటిదానివలె వుంటుంది. బయటి గోల లోపలికి రాదు, లోపలి పాట బయటికి పోదు. కాని చెవికి చెమట పడుతుంది. శబ్దం పెట్టెలో పెట్టినట్టు అనిపించవచ్చు. 1968లో జర్మనీలోనే సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414 అనే హెడ్‌ఫోన్లను తెచ్చింది. వీటి వెనకవైపు మూత లేదు. చెవికి తగిలే చోట పసుపుపచ్చని స్పాంజి బిళ్లలుండేవి. స్పాంజిలోనుంచి గాలి ఆడుతుంది గనక చెవికి ఉక్కపోయదు. అవి తేలికగానూ వుండేవి. స్పాంజి మాసిపోతే తీసి కొత్తది వేసుకోవచ్చు. ఇవి కోటికి పైగా అమ్ముడుపోయినవి. లోపం లేకపోలేదు: మృదంగంలో ఎడమవైపు మూతనుంచి వచ్చే లోతైన నాదం వీటిలో పలచబడేది. తెరిచివున్న చోటునుంచి ఆ లోతు జారిపోయేది.

జపానులో స్టాక్స్ అనే కంపెనీ మరొక దారి తొక్కింది. 1960లో వాళ్లు అమ్మకానికి పెట్టిన హెడ్‌ఫోన్లలో తీగచుట్టా లేదు, అయస్కాంతమూ లేదు. చిల్లులున్న రెండు లోహపు పలకల మధ్య అతి పలచని పొర వుంటుంది. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరివస్తవి కదూ? ఆ శక్తే ఈ పొరను ఆడిస్తుంది. ఇటువంటి హెడ్‌ఫోన్లలో పొర మన వెంట్రుకకన్నా ముప్పై నలభై రెట్లు పలచన! అంత పలచనిది గనక వీణ తీగ మీద వేలు జారిన సవ్వడి కూడా తప్పిపోదు. కాని దానికి కొన్ని వందల వోల్టుల విద్యుత్తు కావాలి. అందుకని వేరే ఒక పెట్టె దగ్గర పెట్టుకుని వినాలి.

ఇక 1976లో జపానులోనే యమహా కంపెనీ పలచని పొర మీదే తీగచుట్టను అచ్చు వేసి, దానికి రెండుపక్కలా అయస్కాంతాలు పెట్టింది. 1979లో సోనీ వాక్‌మన్‌తోబాటు వచ్చిన హెడ్‌ఫోన్ల బరువు 45 గ్రాములే. ఒక కోడిగుడ్డంత!

కొత్తవాటి గొప్ప ఏమిటి?

1980 తరువాత నియోడిమియం కలిసిన అయస్కాంతాలు వాడుకలోకి వచ్చినవి. పాత అయస్కాంతంలో కొద్దిపాటి పరిమాణానికే వీటిలో ఎన్నోరెట్ల శక్తి వుంటుంది. దానితో చిన్న హెడ్‌ఫోన్లు కూడా బలంగా, శుభ్రంగా పలకసాగినవి. పొరలను, చిల్లులను, దిండ్లను కంప్యూటరు మీద లెక్క కట్టి చూసుకుని తయారుచెయ్యటం అలవాటయింది.

2009లో సెన్‌హైజర్ వాళ్లే హెచ్‌డీ 800 అనే హెడ్‌ఫోన్లు తెచ్చారు. ఇందులో పొర ఉంగరం ఆకారంలో వుంటుంది. వెడల్పు 56 మిల్లీమీటర్లు. చెవి డొప్ప మొత్తం ఏమీ తగలకుండా లోపల ఇమిడిపోతుంది. బరువు 330 గ్రాములు. బరువు తలంతటా సమంగా పడటంవల్ల అంత వున్నట్టు తోచదు. హెచ్‌డీ 414కూ దీనికీ మధ్య నలభైఒక్క ఏళ్లు. ఆ నలభైఒక్క ఏళ్లలో శబ్దం లోతూ, స్పష్టతా, విశాలమూ పెరిగినవనటంలో సందేహం లేదు.

అయితే కొత్తవన్నీ చెవికి సుఖమేనా? కాదు. యమహా పద్ధతిని తిరిగి పట్టుకుని ఈ కాలంలో చేసిన ఖరీదైన హెడ్‌ఫోన్లలో కొన్ని 600 గ్రాములకు పైగా తూగుతవి. అయస్కాంతాల బరువు అది. అర కిలో పంచదార పొట్లాన్ని నెత్తిమీద పెట్టుకుని రెండు గంటలు కూర్చోగలరా? శబ్దం ఎంత బాగున్నా మెడ ఒప్పుకోదు. ఇక పాతవాటికి మరొక గుణం వున్నది. చాలావాటిని విప్పి బాగుచేసుకోవచ్చు. స్పాంజి పొడి అయిపోతుంది, తీగ తెగుతుంది. కాని అయస్కాంతమూ, పొరా ఏళ్ల తరబడి నిలుస్తవి. ఇప్పటి తీగలేని చిన్న హెడ్‌ఫోన్లలో బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది. అప్పుడు మిగతాదంతా బాగానే వున్నా పారవెయ్యవలసి వస్తుంది.

కళ్లకు గంతలు కట్టాలి

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఏది బాగా పలుకుతుందో తేల్చేది చెవి గదా. ఆ చెవిని కన్ను మోసం చేస్తుంది! మెరిసే పెట్టెలోనుంచి తీసిన ఖరీదైన హెడ్‌ఫోన్లు చూడగానే అవే గొప్పగా వినిపిస్తవి. పాతవస్తువుల మీద మమకారం వున్నవాడికి పాతవే గొప్పగా వినిపిస్తవి.

దీన్ని ఎట్లా దాటటం? అమెరికాలో హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, ఆయన తోటివారు ఒక ఉపాయం పన్నారు. రకరకాల హెడ్‌ఫోన్ల శబ్దగుణాన్ని కొలిచి, ఆ గుణాలన్నిటినీ ఒకే హెడ్‌ఫోనులో ఒకదాని తరువాత ఒకటిగా పలికించారు. తలమీద వున్నది ఒక్కటే. కాబట్టి బరువూ, తళుకూ, పేరూ చూసి వినేవాడు మోసపోవటానికి వీలులేదు. 2013లో వాళ్లు ఈ పద్ధతిని ప్రకటించారు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ధరకూ, హెచ్చుతగ్గు స్వరాలను అవి పలికే తీరుకూ సంబంధం కనపడలేదని తేల్చాడు. ఎక్కువ డబ్బు పోసినంతమాత్రాన ఎక్కువ మంచి శబ్దం రాదన్నమాట!

ఈ పరీక్ష మీరూ చెయ్యవచ్చు. రెండు రకాల హెడ్‌ఫోన్లు దొరికితే, మీ స్నేహితుడి కళ్లకు గంతలు కట్టి, ఒకే పాటను రెంటిలోనూ వినిపించండి. హెడ్‌ఫోన్లను మీరే తగిలించండి, అతన్ని చేత్తో తడమనివ్వకండి. రెంటిలోనూ శబ్దం సమానంగా వుండేట్టు చూడటం ముఖ్యం. ఎందుకంటే కాస్త బిగ్గరగా వున్నది ఎప్పుడూ మంచిదిగా తోస్తుంది. పదిసార్లు చేసి ప్రతిసారీ ఏది నచ్చిందో రాసుకోండి. పదింటిలో అయిదారుసార్లు ఒకదాన్నీ, మిగతాసార్లు రెండోదాన్నీ మెచ్చుకుంటే, తేడా అతనికి తెలియటంలేదన్నమాట.

తీర్పు

సరే, తీర్పు చెబుదాం. శబ్దంలో ఇప్పటి మేలురకం హెడ్‌ఫోన్లదే పైచెయ్యి; ముఖ్యంగా లోతైన నాదంలో. కాని 1960 నాటి స్టాక్స్ పద్ధతి, 1968 నాటి తెరిచిన పద్ధతి, 1976 నాటి యమహా పద్ధతి—ఈనాటి గొప్ప హెడ్‌ఫోన్లన్నీ వాటి సంతానమే. సుఖంలో మాత్రం పాతా కొత్తా అని కాదు; బరువూ, బిగువూ, గాలీ—ఈ మూడే చూడాలి. తేలికైన పాతది, బరువైన కొత్తదానిని ఓడించగలదు.

అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా విలువైనదీ అయిన పరికరం ఒకటి వున్నది. అది మీ చెవి. దాని లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమాలున్న కణాలు ఒక్కొక్క చెవిలో పదిహేను వేలకు పైగా వుంటవి. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. పాత హెడ్‌ఫోనుకు కొత్త స్పాంజి దొరుకుతుంది గాని చెవికి విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. పిల్లలు వారానికి నలభై గంటలు వింటే శబ్దం 75 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే వినదగిన కాలం సగానికి సగం తగ్గుతుంది. కొలిచే పరికరం మీ దగ్గర లేకపోయినా ఒక గుర్తు వున్నది. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వుండగా పక్కనున్నవాళ్లు మామూలుగా పిలిస్తే మీకు వినపడాలి. వినపడకపోతే శబ్దం తగ్గించండి. విన్న తరువాత చెవుల్లో గుయ్యిమంటే ఆనాటికి హెడ్‌ఫోన్లు పక్కన పెట్టెయ్యండి.

హెడ్‌ఫోన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చెవులు రెండే!