పీల్చే మందు లోపలికి వెళ్తోందా? ఇన్‌హేలర్ వాడేవారు తెలుసుకోవాల్సిన విషయాలు

ఎవరి కోసం: సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఆయాసం, దగ్గు, కళ్లె) ఉండి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు తీసుకుంటున్నవారు, వారి ఇంట్లోవాళ్లు.

ఈ మధ్య ఓ పీహెచ్‌సీలో మందుల కోసం వచ్చిన పెద్దాయన్ని, ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించమని నర్సు అడిగారు. ఆయన నోరు తెరిచి గట్టిగా నొక్కారు. తెల్లటి తుంపర బీడీ పొగలా బయటికే వచ్చేసింది. "ఏడాది నుంచి వాడుతున్నానమ్మా, గుణం కనపడట్లేదు" అన్నారు. మందులో లోపం లేదు. అది ఊపిరితిత్తుల దాకా వెళ్లట్లేదు, అంతే.

మీరు కూడా కింద చెప్పిన పద్ధతితో ఒకసారి సరిచూసుకోండి.

నొక్కే ఇన్‌హేలర్ (పఫ్) వాడే పద్ధతి

1. మూత తీసి బాగా కుదపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడకపోయినా ముందు గాలిలోకి రెండుసార్లు నొక్కండి.
2. నిటారుగా కూర్చోండి. ఊపిరి పూర్తిగా బయటికి వదలండి.
3. గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టి, గాలి పోకుండా పెదవులు మూయండి.
4. నోటితో నెమ్మదిగా ఊపిరి పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కండి. ఇంకా పీలుస్తూనే ఉండండి.
5. గొట్టం తీసి, మనసులో 10 అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి. అంతసేపు వీలుకాకపోతే వీలైనంత సేపు చాలు.
6. రెండో పఫ్ ఉంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి మళ్లీ కుదిపి తీసుకోండి.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరడం లేదా? పెద్ద వయసువారిలో చాలామందికి కుదరదు. సిగ్గుపడక్కర్లేదు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే పెద్ద గొట్టం) గురించి డాక్టర్‌ని అడగండి. మందు అందులో నిలుస్తుంది, మీరు నిదానంగా పీల్చుకోవచ్చు. ఒకసారికి ఒక పఫ్ మాత్రమే నొక్కాలి.

క్యాప్సూల్ పెట్టి పీల్చే పరికరం అయితే

దీని పద్ధతి వేరు. క్యాప్సూల్ పెట్టి, నర్సు చూపించినట్టు తిప్పి, ఊపిరిని పక్కకు వదలండి. పరికరంలోకి ఊదితే తేమకు పొడి ముద్దకడుతుంది. తర్వాత వేగంగా, బలంగా, లోతుగా పీల్చి ఊపిరి బిగపట్టండి. తెరిచి చూడండి. పొడి మిగిలితే మళ్లీ పీల్చండి. ఈ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగకూడదు.

ఏ పరికరమైనా స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేదంటే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రావచ్చు.

"బాగానే ఉందిగా, ఆపేద్దాం" అనుకోవద్దు

మందులు రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చేది ఒకటి. బాగున్నా, బాగోలేకున్నా రోజూ తీసుకోవాల్సింది రెండోది. చాలామంది మొదటిదే వాడి రెండోది పక్కన పెట్టేస్తున్నారు. సీఓపీడీలో దెబ్బతిన్న ఊపిరితిత్తి పూర్తిగా మామూలు స్థితికి రాదు. రోజువారీ మందు ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలయ్యే అవకాశాన్ని తగ్గిస్తుంది. మీ రెండింటిలో ఏది ఏదో అడిగి, ఇంట్లోవాళ్లతో వాటి మీద రాయించుకోండి. రంగుని నమ్ముకోవద్దు, కంపెనీని బట్టి మారవచ్చు.

తరచూ అడిగే ప్రశ్నలు

ఇన్‌హేలర్ అలవాటైపోతుందా?
లేదు. బీపీ మాత్రలాగే జబ్బు ఉంది కాబట్టి రోజూ వాడుతున్నాం. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి తక్కువ మోతాదే సరిపోతుంది.

మందు అయిపోయిందని ఎలా తెలుస్తుంది?
నీళ్లలో వేసి చూడొద్దు. లెక్క వేయండి. 200 పఫ్‌ల ఇన్‌హేలర్‌ని రోజుకు 4 చొప్పున వాడితే 50 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసి, అయిపోవడానికి వారం ముందే ఏఎన్‌ఎంకి గానీ ఆశా కార్యకర్తకు గానీ చెప్పండి.

పక్కింటివాళ్లది వాడొచ్చా?
వద్దు. మందు, మోతాదు మనిషిని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు.

పొగ మానకపోతే?
బీడీ, చుట్ట, సిగరెట్ ఏ వయసులో మానినా మేలే. ఉచిత సలహాకు 1800112356 నంబరుకు ఫోన్ చేయండి. కట్టెల పొయ్యి పొగ కూడా ఈ జబ్బు తెస్తుంది. అర్హులైతే దీపం-2 కింద వచ్చే ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు వాడుకోండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినప్పుడు

• ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం
• పెదవులు, గోళ్లు నీలంగా మారడం
• మగతగా ఉండటం, పొంతన లేని మాటలు
• ఉపశమనం ఇచ్చే మందు పీల్చినా తగ్గకపోవడం

కళ్లె ఎక్కువైనా, పసుపు లేదా పచ్చ రంగుకు మారినా, ఆయాసం పెరిగినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఈసారి మందులకు వెళ్లినప్పుడు ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లండి. "నేను వాడే పద్ధతి సరిగ్గా ఉందా, ఒకసారి చూడండి" అని నర్సుని అడగండి. రెండు నిమిషాల పని. అడగడం మీ హక్కు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చదవలేకపోతే ఈ కాగితం మీరు చదివి వినిపించండి, పక్కన కూర్చుని ఒకసారి వాడించి చూడండి.