తర్లగూడలో మధ్యాహ్న భోజనం: గోదావరి దాటే బైక్ రైడ్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

ఉప్పల్ మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు, ఏటూరునాగారం దాటి అలాగే ముందుకు వెళ్తే తెలంగాణ అంచున టేకులగూడెం వస్తుంది. అది దాటితే తర్లగూడ. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్, బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం తహసీల్‌లోని ఊరు. ఒకప్పుడు 202వ నంబరుతో పిలిచిన ఈ రోడ్డు భోపాలపట్నం దగ్గర జగ్దల్‌పూర్-నిజామాబాద్ రహదారిలో కలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే పది పదిహేను బైకులు కలిసి బయల్దేరడం, ఊరికి దూరంగా ఎక్కడో భోజనం చేసి చీకటి పడేలోగా ఇంటికి చేరడం ఇప్పుడు తెలుగు నగరాల్లో మామూలైపోయింది. దగ్గరి దాబాలు పాతబడిపోయాక అలాంటి బృందాల చూపు దూరపు ఊళ్ల మీద పడుతుంది. అడవి, గోదావరి, రాష్ట్ర సరిహద్దు ఒకే దారిలో వచ్చే తర్లగూడ అలాంటిదే. కానీ ఈ రైడ్‌కు బైకు సత్తువ కంటే లెక్క ముఖ్యం. గంటల లెక్క, మనుషుల లెక్క, ఆ దారిలో మన కంటే ముందు నుంచీ ఉన్నవాళ్ల లెక్క.

పదేళ్ల కిందటి దాకా ఎందుకు కుదరలేదు?

ఏటూరునాగారానికి, వాజేడుకు మధ్య గోదావరి ఉంది. ముల్లకట్ట దగ్గర వంతెన 2016లో అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే పడవ ఎక్కాలి, లేదా భద్రాచలం మీదుగా చుట్టూ తిరగాలి. వరంగల్ నుంచి పొద్దున బయల్దేరి తర్లగూడలో అన్నం తిని రావడం అన్న ఆలోచనే ఆ వంతెనతో పుట్టింది.

అయితే ఆ ఒడ్డు తెలుగువారికి కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవుల్లోకి వెళ్లి బస్తర్ రాజవంశాన్ని నిలబెట్టాడని చెబుతారు. భోపాలపట్నం చుట్టుపక్కల తెలుగు వినిపిస్తుంది. అక్కడి దోర్లల మాటలోనూ తెలుగు బాగా కలిసి ఉంటుంది. బోర్డులు హిందీలోకి మారతాయి కానీ, అన్నం అడగడానికి భాష మార్చుకోవాల్సిన పని అంతగా రాదు.

దూరం ఎంత? సమయం ఎంత?

హైదరాబాద్ నుంచి తర్లగూడ దాదాపు 290 కిలోమీటర్లు. హనుమకొండ నుంచి సుమారు 150. పటం మీద చూస్తే హైదరాబాద్ నుంచి కూడా ఒక్కరోజులో వెళ్లి రావచ్చనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

వరంగల్ దాకా నాలుగు వరుసల రోడ్డు. బృందం గంటకు సగటున 60 కిలోమీటర్లు వెళ్లగలదు. ఆ తర్వాత ఊళ్లు, మలుపులు, అడవి. అక్కడ 45కు మించి సగటు ఆశించకూడదు. అంటే హైదరాబాద్ నుంచి వెళ్లి రావడానికి నడిపే సమయమే పదకొండు గంటలు దాటుతుంది. టీ, పెట్రోల్, భోజనం కలిపితే పదిహేను గంటలు. డిసెంబర్‌లో ఆ వైపు సాయంత్రం 5:40 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. ఎటు చూసినా కొన్ని గంటలు చీకట్లో, అదీ అలసిపోయి నడపాల్సిందే.

అదే ముందు రోజు రాత్రి హనుమకొండలో బస చేసి ఉదయం 7 గంటలకు బయల్దేరితే లెక్క కుదురుతుంది. నడవడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు, ఆగడానికి ఒక గంట. పదకొండున్నరకు తర్లగూడ. ఒంటి గంటకు తిరుగు ప్రయాణం మొదలుపెడితే వెలుగుండగానే హనుమకొండ. ఈ రైడ్‌లో తప్పనిసరి సమయం చేరుకునేది కాదు, తిరిగి బయల్దేరేది. ఎంత ఆలస్యంగా చేరినా ఒంటి గంట మాత్రం మారకూడదు. ఉదయం పంక్చర్‌తో గంట పోతే ఏటూరునాగారంలోనే తిని వెనక్కి రావడం ఓటమి కాదు.

బృందంగా నడపడమంటే ఏమిటి?

కలిసి వెళ్లడం వేరు, గుంపుగా వెళ్లడం వేరు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బైకు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద చెయ్యి పడేసరికి సుమారు ఒకటిన్నర సెకను గడుస్తుంది. అంటే 33 మీటర్లు అయిపోయినట్టే. పొడి రోడ్డు మీద బ్రేకులు బాగా పట్టినా ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. మొత్తం 70 మీటర్ల పైమాటే. అదే 60 వేగంలో దాదాపు 48 మీటర్లు చాలు. ముందున్న స్నేహితుడి వెనక పది మీటర్లలో నడుపుతున్నవారు అతని బ్రేకు లైటును కాదు, అదృష్టాన్ని నమ్ముకున్నట్టు.

అందుకే అనుభవజ్ఞులు అడ్డదిడ్డపు వరుస పాటిస్తారు. మొదటి బైకు తన వరుసలో కుడివైపు, రెండోది ఒక సెకను వెనక ఎడమవైపు, మూడోది మళ్లీ కుడివైపు. నేరుగా ముందున్న బైకుకు, మనకు మధ్య రెండు సెకన్ల ఎడం. మలుపులు, వాన, ఇసుక, ఇరుకు వంతెన వస్తే ఒకరి వెనక ఒకరు.

ఇరవై బైకులు సెకను ఎడంతో వెళ్తే ఆ వరుస 400 మీటర్లు దాటుతుంది. రెండు వరుసల రోడ్డు మీద వెనక వచ్చే బస్సు అంత పొడవును దాటలేదు. దాటబోతే మధ్యలో దూరుతుంది. కాబట్టి ఐదు నుంచి ఏడు బైకులను ఒక జట్టుగా విడగొట్టి, జట్టుకూ జట్టుకూ మధ్య చోటు వదలాలి.

ముందు నడిపేవారికి దారి తెలియాలి. అందరికంటే చివర నడిపేవారికి పని తెలియాలి. పంక్చర్ కిట్, గాలి పంపు, ప్రథమ చికిత్స పెట్టె చివరి బైకులో ఉండాలి, ఎందుకంటే ఆగిపోయినవారు ఎప్పుడూ వెనకే ఉంటారు. కొత్తవారిని ముందు బైకు వెనకే ఉంచాలి. బృందం వేగం వారి వేగమే. ఓవర్‌టేక్ మాత్రం ఎవరి నిర్ణయం వారిది. ముందువాడు దాటాడు కదా అని వెనకవాడు దాటకూడదు. అతను చూసిన ఖాళీ రోడ్డు ఇప్పుడు లేకపోవచ్చు.

దారి చీలే చోట రెండో బైకు ఆగి, చివరి బైకు వచ్చేదాకా దారి చూపాలి. ఈ రూట్లో అలాంటి చోట్లు కొన్నే. ముల్లకట్ట వంతెన దాటాక ఒక దారి వెంకటాపురం, భద్రాచలం వైపు, మరొకటి వాజేడు, పేరూరు, తర్లగూడ వైపు వెళ్తుంది. అడవిలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకూడదు కాబట్టి కూడలిలో మనిషి నిలబడటమే నమ్మకం. ఏటూరునాగారంలోనే ట్యాంకు నింపుకోవాలి.

రోడ్డు మీద ఎవరున్నారు?

కోతల కాలంలో ఈ వైపు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. వాటి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురెండలో ఆ రాళ్లు కనిపించవు. వడ్ల మీద టైరు బాల్ బేరింగుల మీద నడిచినట్టు జారుతుంది. వేసవి మొదట్లో తెల్లవారుజామునే ఇప్పపూలు ఏరేవాళ్లు రోడ్డు వారన ఉంటారు. పశువులు సరేసరి. ఏటూరునాగారం అభయారణ్యం చుట్టుపక్కల హారన్ కొట్టడం, సైలెన్సర్ మోత పెంచడం అడవికీ ఊరికీ రెంటికీ ఇబ్బందే.

ఇంకొందరున్నారు. మిర్చి ఏరే కాలంలో బస్తర్ నుంచి ఆదివాసులు ములుగు, భూపాలపల్లి, ఖమ్మం జిల్లాల తోటల్లో కూలికి వస్తారు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి ఇటువైపు అడవుల్లోకి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల మిర్చి పనులు ఆగిపోతే, బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల బాలిక తోటివారితో కలిసి ములుగు వైపు నుంచి అడవి దారుల్లో మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా ప్రాణం విడిచింది. మనం మధ్యాహ్న భోజనానికి దాటే సరిహద్దును వాళ్లు ఆ పూట అన్నం కోసం దాటుతారు. రోడ్డు పక్కన మూటలతో నడిచే మనుషులు కనిపించినప్పుడు వేగం తగ్గించడం మర్యాద మాత్రమే కాదు, ఆ రోడ్డు మొదట ఎవరిదో గుర్తుంచుకోవడం.

తారు రోడ్డు ఎందుకు దిగకూడదు?

ఫొటో కోసమో, వాగు చూద్దామనో అడవి బాటలోకి బైకు తిప్పడం ఈ ప్రాంతంలో చేయకూడని పని. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా కర్రెగుట్టల్లో భద్రతా బలగాలు పెద్ద ఆపరేషన్ నడిపాయి. 31 మంది మావోయిస్టులు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మే 8న వాజేడు ప్రాంతంలో మందుపాతర పేలి ముగ్గురు తెలంగాణ పోలీసులు మరణించారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో వాజేడు మండలంలో కట్టెల కోసం అడవికి వెళ్లిన ఒక గ్రామస్తుడూ అలాగే ప్రాణం కోల్పోయాడు. కాల్పులు ఆగినా మట్టిలో పెట్టినవి తమంతట తాము మాయం కావు.

కాబట్టి జాతీయ రహదారి మీదే వెళ్లాలి, దాని మీదే తిరిగి రావాలి. లైసెన్స్, ఆర్సీ, బీమా, గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. తనిఖీలో ఆపితే హెల్మెట్ తీసి మాట్లాడాలి. క్యాంపులను, సిబ్బందిని వీడియో తీయకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు.

భోజనం సంగతి?

పాతిక మంది చెప్పకుండా చిన్న హోటల్ ముందు దిగితే రెండే జరుగుతాయి. మన అన్నం ఆలస్యమవుతుంది, లేదా రోజూ అక్కడ తినే లారీ డ్రైవరుకూ కూలీకీ ఆ రోజు అన్నం మిగలదు. పాతిక మందికి ఐదు కిలోల బియ్యమైనా పొయ్యి మీద పెట్టాలి. కూర సంగతి వేరే. అందుకే ముందు రోజే ఫోన్ చేసి ఎంతమందో, ఎన్ని గంటలకో చెప్పి, కొంత అడ్వాన్సు పంపాలి. సంఖ్య తగ్గినా చెప్పినంత డబ్బు ఇచ్చేయాలి. అన్నం, పప్పు, దొరికితే గోదావరి చేప చాలు. నగరపు మెనూ అడగడం వండేవాళ్లను ఇరకాటంలో పెట్టడమే. ఫోన్ చెల్లింపులను నమ్ముకోకుండా చిల్లరతో నగదు ఉంచుకోవాలి. ఇప్పసారా బస్తర్ ఆదివాసుల జీవితంలో భాగమే. కానీ బండి నడపాల్సినవారికి అది కాదు. వాటర్ బాటిళ్లు, ప్లేట్లు తెచ్చినవారే తిరిగి తీసుకెళ్లాలి.

ఎప్పుడు వెళ్లకూడదు?

వానాకాలంలో వద్దు. గోదావరికి వరదొస్తే టేకులగూడెం దగ్గర ఈ రహదారి మీదికే నీరొచ్చి రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. తాడ్వాయి అడవి 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి వేల చెట్లను పోగొట్టుకుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లోనూ వద్దు. అప్పుడు ఆ రోడ్డు భక్తులది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

ప్రమాదం జరిగితే?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. తర్లగూడ నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సుమారు 150 కిలోమీటర్లు. తలకు దెబ్బ తగిలినవారికి అది చాలా దూరం. హెల్మెట్ పట్టీ బిగించుకోవడం నుంచి వేగం దాకా ప్రతి జాగ్రత్తనూ ఈ దూరంతో కొలవాలి.

2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షిస్తుంది. ఇది మనవాడు పడిపోయినప్పుడే కాదు, దారిలో ఒక పల్లెటూరి మనిషి పడి ఉన్నప్పుడూ గుర్తుండాలి. అప్పుడు ఆగని బృందానికి ఆ ఊళ్లో అన్నం అడిగే హక్కు ఉండదు.

రైడ్ బాగా జరిగిందా లేదా అన్నది తర్లగూడ బోర్డు దగ్గర దిగిన ఫొటోతో తేలదు. రెండు విషయాలు చూస్తే చాలు. చివరి బైకు వెలుగుండగానే ఇల్లు చేరిందా? వచ్చే నెల మళ్లీ ఫోన్ చేస్తే, అన్నం వండిపెట్టినవాళ్లు రమ్మంటారా?