పాత కెమెరా, కొత్త బేరము

నీళ్ళలో నున్న ఎనుమును గట్టుమీద నుండి బేరమాడినట్లు అని ఒక సామెత గలదు. కొమ్ములు కనిపించును, వీపు కనిపించును. కాలు కుంటిదో కాదో, పొదుగు ఎట్లున్నదో నీరు దాచివేయును. అంతర్జాలములో ప్రకటన చూచి పాత కెమెరా కొనుట అట్టి బేరమే. సెల్‌ఫోను తెరపై నల్లగా నిగనిగలాడు పెట్టె కనిపించును. దాని లోపలి సంగతి కనిపింపదు. అయినను ఈ బేరమే చేయరాదని మేము చెప్పబోవుట లేదు. ఎనుమును గట్టుకు రప్పించి చూచు ఉపాయములు కలవు. వానిని తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె పేరు యురేనియము గని వలన దేశమంతటికిని తెలిసినది. గని మాట పక్కన పెట్టినచో, అదియు అరటి, చీనీ, వేరుసెనగ పండించు ఊళ్ళ నడుమ నొక ఊరు. అట్టి ఊరిలో చదువు ముగించిన యువకు డొకడు, పెండ్లిండ్లకును జాతరలకును ఫొటోలు తీసి బ్రతుకవచ్చునని తలచె ననుకొందము. కొత్త కెమెరా, దానికి తగిన కటకము కలిపి లక్ష రూపాయలకు చేరుకొనును. ఇంటిలో నున్నవి కాయ లమ్మగా వచ్చిన 30,000 రూపాయలు. పాత సరకు తప్ప అతనికి వేరు దారి లేదు. ఆ సొమ్ము మోసగాని పాలైనను, పనికిరాని వస్తువుపై వ్యయమైనను, ఆ ఇంటికి ఒక పంట పోయినట్లే. కావున ఈ విషయము కేవలము వేడుకకు సంబంధించినది కాదు.

పాత వస్తువుల వ్యాపారము మనకు కొత్త కాదు. కడప, ఎర్రగుంట్ల మీదుగా పోవు బొంబాయి–మద్రాసు రైలుమార్గము మన సీమవారిని మద్రాసు సెంట్రలు స్టేషనులో దింపెడిది. ఆ స్టేషను ప్రక్కనే మూరు మార్కెట్టు ఉండెడిది. 1900 ప్రాంతమున వెలసిన ఆ మార్కెట్టు 1985 లో అగ్నికి ఆహుతి యైనది. అచట పాత పుస్తకము మొదలు పాత గడియారము వరకు దొరకెడివి. అంగడివారు గడుసువారే, బేరము కఠినమే. కాని వస్తువును చేతిలో పెట్టిన పిమ్మటనే వెల మాట వచ్చెడిది. నేడు అంతర్జాలము దేశములోని సరకునంతను మన వాకిటికి తెచ్చినది గాని, చేతితో తాకి చూచు వీలును తీసివేసినది. పోయిన ఆ వీలును మనమే ప్రశ్నల రూపమున తిరిగి సంపాదించుకొనవలెను.

మంచి కెమెరాలు ఇపుడు చవుకగా ఎట్లు దొరకుచున్నవి? కారణ మిది. డీఎస్ఎల్ఆర్ అను కెమెరాలలో కటకము వెనుక నొక అద్దముండును. 2013 లో సోనీ సంస్థ, 2018 లో నికాన్, కేనన్ సంస్థలు అద్దము లేని పెద్ద సెన్సరు కెమెరాలను బజారునకు తెచ్చినవి. పట్టణములలోని స్టూడియోలవారు వానికి మారుచు తమ పాత డీఎస్ఎల్ఆర్‌లను అమ్మివేయుచున్నారు. నిన్న చక్కని చిత్రములు తీసిన యంత్రము నేడును తీయగలదు. వాడుక మారుటచే వెల తగ్గినది, అంతియే. ఇట్టి సరకు తెలివిగా కొనువానికి మేలు చేయును.

ఇందులో మొదట గ్రహింపవలసినది కటకమునకును, కెమెరా పెట్టెకును గల భేదము. పెట్టె అరిగిపోవు వస్తువు. కటకము గాజు, జాగ్రత్తగా నుంచినచో ఇరువది ముప్పది యేండ్లు నిలుచును. కావున ఉన్న సొమ్ములో మంచి కటకమునకు పెద్దపాలు ఉంచి, పెట్టెను సామాన్యమైనది కొనుట మేలు. తరువాత పెట్టెను మార్చుకొన్నను కటకము వెంట వచ్చును.

కటకమును చూచుటకు మంచి సాధనము టార్చి దీపము. కటకమునకు ఒక ప్రక్క దీపము పట్టి, రెండవ ప్రక్కనుండి వీడియో తీసి పంపుమని అమ్మువానిని అడుగవలెను. సాలెగూడు వలె సన్నని పోగులు కనిపించినచో అది బూజు. గాలిలో తేమ హెచ్చుగా నుండు చోట, పెట్టెలో మూసి యుంచిన కటకమునకు ఇది పట్టును. గాజుపై గల పూతను తినివేయును. విశాఖపట్టణము, చెన్నై, ముంబయి వంటి సముద్రతీర నగరములనుండి వచ్చు సరకును ఈ విషయమున మరింత శ్రద్ధగా చూడవలెను. గాజుపొరల మధ్య బంక విడినచో అంచున ఇంద్రధనుస్సు రంగుల మచ్చ కనిపించును. గాజంతయు పాలు కలిపిన నీటివలె నున్నచో లోపల మసక పట్టినదన్న మాట. ఇవి మూడును కొనరాని గుర్తులు. రెండు మూడు దుమ్ము రేణువులు మాత్రము చిత్రమున కనిపింపవు. వానిని చూపి వెల తగ్గింపు మనవచ్చును.

మన సీమ పొడినేల కావున బూజు భయము తక్కువ. దానికి బదులు దుమ్ము గలదు. నాపరాతి గనుల ప్రక్కన, మట్టిబాటలపై తిరిగిన కెమెరాలో సన్నని పొడి చేరును. ముందుకు వెనుకకు సాగు జూము కటకము గాలి నెట్లు పీల్చునో దుమ్ము నట్లే పీల్చును. దాని చుట్టును త్రిప్పుచు ఆ ధ్వనిని వినిపింపు మనవలెను. ఇసుక నూరినట్లు గరగర వినిపించినచో విడిచిపెట్టుట మంచిది.

యురేనియము మాట తెలిసిన తుమ్మలపల్లె వారికి ఒక విశేషము చెప్పవలెను. 1940 మొదలు 1970 దశకము వరకు చేసిన కొన్ని కటకముల గాజులో థోరియము అను రేడియోధార్మిక ధాతువును కలిపెడివారు. రంగులు చెదరకుండ కాంతిని బాగుగా వంచు గుణము అట్టి గాజునకు వచ్చెడిది. అసాహి సంస్థవారి సూపర్ టాకుమార్ 50 మిల్లీమీటర్ల, ఎఫ్ 1.4 కటకములలో కొన్ని ఈ జాతివి. కాలము గడిచిన కొలది వీని గాజు తేనెరంగునకు తిరుగును. కొన్నాళ్ళు ఎండలో పెట్టినచో అందలి అతినీలలోహిత కిరణములకు ఆ పసుపు చాలవరకు విరుగును. ఎండకు మన వద్ద కొదువ లేదు గాని, కటకము గుండా పోయిన ఎండ ఒకచోట కూడి నిప్పు రాజవేయును గనుక ప్రక్కన కాగితము, గుడ్డ, గడ్డి ఉంచరాదు. ఇట్టి కటకమును కెమెరాకు తగిలించి వాడుటలో ప్రమాదము చాల స్వల్పము. దానిని అరగదీయుట, పగులగొట్టుట, కంటికి ఆనించి చూచుట మాత్రము చేయరాదు; పిల్లల ఆటవస్తువు కానీయరాదు.

చవుకగా వచ్చినదని కొన్న కటకము మన కెమెరాకు బిగియకపోవుట మరియొక చిక్కు. ప్రతి సంస్థకును తన బిగింపు వేరు. కేనన్ సంస్థ 1987 లో తన బిగింపును మార్చుటచే అంతకు ముందరి ఎఫ్‌డీ కటకములు దాని డీఎస్ఎల్ఆర్‌లకు నేరుగా సరిపడవు. నికాన్ బిగింపు 1959 నాటిదే యైనను, డీ3000, డీ5000 వరుసల చిన్న కెమెరాలలో కటకమును త్రిప్పు మోటారు లేదు. మోటారు లేని పాత ఏఎఫ్-డీ కటకమును వానికి బిగించినచో చేతితో త్రిప్పుకొని స్పష్టత తెచ్చుకొనవలసినదే. పాత మరచుట్టు కటకములు, అనగా 42 మిల్లీమీటర్ల ఎం42 జాతివి, చిన్న ఉంగరము సాయమున కేనన్ డీఎస్ఎల్ఆర్‌పై చక్కగా పనిచేయును. నికాన్ డీఎస్ఎల్ఆర్‌పై దూరపు కొండలు స్పష్టముగా రావు. ఆ కటకము తనకును సెన్సరునకును నడుమ 45.46 మిల్లీమీటర్ల యెడము కోరును. నికాన్‌లో ఆ యెడము 46.5, కేనన్‌లో 44. ఒక్క మిల్లీమీటరు తేడాతో పని చెడును. అందుచే కెమెరా పూర్తిపేరు, కటకము పూర్తిపేరు రెండును వ్రాసికొని, అవి సరిపడునని నిశ్చయించుకొనిన పిమ్మటనే వెల మాటాడవలెను.

ఇక కెమెరా పెట్టె. పాత రేడియో కొనువారు పెట్టె నగిషీ చూచి సొమ్ము చెల్లింపరు. స్టేషను పెట్టి, గరగర లేకుండ పలుకుచున్నదో లేదో విని కొందురు. కెమెరాను కూడ అట్లే పలికింపవలెను. అందు షట్టరు అను తెర యున్నది. చిత్రము తీసిన ప్రతిసారియు అది తెరచుకొని మూసికొనును. అది ఎన్ని మారులు పనిచేయునో తయారీదార్లు అంచనా కట్టి చెప్పుదురు. కేనన్ 5డీ మార్క్ 3 నకు 1,50,000, నికాన్ డీ850 నకు 2,00,000. ఒక్క పెండ్లిలో రెండు మూడు వేల చిత్రములు తీయువారు కలరు. అట్లు ఏబది పెండ్లిండ్లు చూచిన కెమెరా పైకి కొత్తదిగా నున్నను వయసు మీరినదే. నికాన్ కెమెరా తీసిన చిత్రపు ఫైలులోనే ఈ లెక్క వ్రాయబడి యుండును. కావున ఆనాడే తీసిన చిత్ర మొకటి పంపుమని అడుగవలెను. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినచో ఆ వివరములు చెరిగిపోవును. డాక్యుమెంటుగా పంపు మనవలెను.

తరువాతి పరీక్షలు సులభములు. కటకపు రంధ్రమును ఎఫ్ 16 నకు చిన్నది చేసి తెల్లని గోడను తీసినచో సెన్సరుపై గల మరకలు నల్లచుక్కలుగా కనిపించును. కటకమునకు మూత పెట్టి కొన్ని క్షణములు తీసినచో చెడిన చుక్కలు రంగురంగులుగా మెరయును. బ్యాటరీ ఉబ్బి యున్నదా, కార్డు పెట్టు చోట సన్నని సూదులు వంగినవా, మీటలన్నియు పనిచేయుచున్నవా అనునవి వీడియో పిలుపులో ఎదుట చూపింపు మనవలెను. నిజముగా వస్తువున్నవాడు ఇందుకు విసుగుకొన్నను చూపును. లేనివాడు ఏదో నెపము చెప్పి జారుకొనును.

ఉపకరణముల విషయమునను మెలకువ కావలెను. 1970, 80 దశకముల నాటి కొన్ని ఫ్లాషుల పాదమున 200 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును. అది నేటి కెమెరాను చెరుపగలదు. మెమరీ కార్డును పాతది కొనకుండుటయే మేలు. ఒక వ్రాతప్రకారము 128 జీబీ యుండి, నిజముగా అందులో పదవవంతు కూడ పట్టని నకిలీలు కలవు. ముక్కాలి స్టాండు మాత్రము పాతదైనను నిర్భయముగా కొనవచ్చును; కాళ్ళు జారక నిలిచిన చాలును. ఇక బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 వంటి ఫిల్ము కెమెరా కొన్ని వందలకే దొరకవచ్చును. దానికి తగిన 120 ఫిల్ము నేటికిని దొరకును గాని, ఒక చుట్టకు పండ్రెండు చిత్రములే. ఫిల్ము ఖర్చు, దానిని కడిగించు ఖర్చు లెక్కించినచో అది ముచ్చటకే గాని బ్రతుకుతెరువునకు పనికిరాదు.

వస్తువు మంచిదైనను మనిషి మంచివాడు కానిచో సొమ్ము పోవును. ఓఎల్ఎక్స్ వంటి ప్రకటనల చోట్ల బేరము ఇద్దరు వ్యక్తుల మధ్యనే జరుగును. తాను సైనికుడనని, బదిలీ యగుటచే త్వరపడి అమ్ముచున్నానని చెప్పి, గుర్తింపు కార్డు చిత్రము పంపి నమ్మించుట మోసగాండ్రకు అలవాటైన మార్గము. బయానా పంపుము, కొరియరు ఖర్చు పంపుము, వాపసు కొరకు ఈ చదరపు గుర్తును స్కాన్ చేయుము అని వారు మెట్టుమెట్టుగా లాగుదురు. 2016 లో వచ్చిన యూపీఐ పద్ధతిలో ఒక నియమము నింటిల్లపాదియు గుర్తుంచుకొనవలెను: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ నొక్కినచో మన ఖాతానుండి పోవుటయే గాని వచ్చుట లేదు.

కావున సాధ్యమైనంతవరకు ఒక దినము వ్యయపరచి కడపకో, తిరుపతికో, బెంగుళూరుకో స్వయముగా పోయి, నలుగురు తిరుగు చోట, పగటివేళ, వస్తువును చూచి సొమ్మీయవలెను. బస్సు ఖర్చు నష్టము కాదు. పోలేనిచో, వాపసు తీసికొను గడువును బిల్లుపై వ్రాసి యిచ్చు అంగడివద్దనే కొనవలెను. వెల కొంత హెచ్చైనను సరియే. అమ్మువాని వద్ద అసలు బిల్లు అడుగవలెను. బిల్లు లేనిచో కెమెరా సంఖ్య, వెల, తేదీ, అతని పేరు, చిరునామా వ్రాసిన కాగితముపై సంతకము తీసికొనవలెను. దొంగసొత్తని తెలిసి కొనుట, తెలిసికొనుటకు తగిన కారణముండియు కొనుట, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము నేరము.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనరాదు. 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. సొమ్ము మోసగాని ఖాతానుండి కదలక ముందే తెలిపినచో దానిని నిలుపు చేయుట కవకాశ ముండును. ఆలస్యమైన కొలది ఆ అవకాశము సన్నగిల్లును. కంప్యూటరు సాధనముల ద్వారా వేరొకని వేషమున మోసగించుట, సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదునకు, లక్ష రూపాయల వరకు జరిమానాకు తగిన నేరము. ప్రకటన చిత్రము, సంభాషణ, చెల్లింపు సంఖ్య చెరిపివేయక భద్రపరుపవలెను.

కెమెరా ఇంటికి చేరిన పిమ్మట మరియొక జాగ్రత్త గలదు. దానిని తెచ్చిన వెంటనే పెండ్లికి తీసికొనిపోరాదు. పదునైదు దినములు ఇంటివారిని, పొలమును, పశువులను, రాత్రివేళ దీపపు వెలుతురును తీసి చూడవలెను. వాపసు గడువు ముగియక ముందే దాని గుణదోషములన్నియు బయటపడవలెను. మాంగల్యధారణ ఒకమారే జరుగును. షట్టరు నిలిచినదని పురోహితుడు ముహూర్తము నాపడు. పని ఒప్పుకొన్న దినమున ప్రక్కన మరియొక కెమెరాను, అరువుదైనను సరే, సిద్ధముగా నుంచుకొనవలెను. పల్లెలలో ఎందరో పెద్దలకు బ్రతికియుండగా తీసిన చిత్రము ఆధారుకార్డుపై నున్నది తప్ప వేరొకటి లేదు. ఊరిలో ఒక యువకుని చేతికి నమ్మకమైన కెమెరా వచ్చినచో, అది పాతదే కావచ్చు, ఆ లోటు కొంత తీరును.