పాత డీజిల్ వ్యాన్: పొగ రంగు చూడండి, సౌండ్ వినండి, ఇంజన్ విప్పించడం ఆ తర్వాతే

ఈరోజు ఎపిసోడ్ పాత డీజిల్ వ్యాన్ నడుపుకుని బతికే మన గోదావరి జిల్లాల కుర్రాళ్ల కోసం. రావులపాలెం అరటి గెలలైనా, అంబాజీపేట కొబ్బరికాయలైనా, కడియం మొక్కలైనా మార్కెట్‌కి కదలాలంటే ఈ చిన్న బండ్లు తిరగాలి కదా.

సెకండ్ హ్యాండ్ బండి కొంటాం. కొన్నాళ్లకి పొగ మొదలవుతుంది. షెడ్‌కి తీసుకెళ్తే "బోరుకొచ్చింది, ఇంజన్ దింపాలి" అంటారు. అంటే వేలల్లో ఖర్చు, రోజుల తరబడి బండి షెడ్‌లో. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. నిజంగానే బోరు పోయి ఉండొచ్చు, కాదనను. కానీ వందల్లో తేలిపోయే పని కూడా అయ్యుండొచ్చు. తేడా ఎలా తెలుసుకోవాలో చెప్తాను. ఉదాహరణకి 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ తీసుకుందాం. 702 సీసీ, రెండే సిలిండర్లు, టర్బో లేదు. రెండింట్లో ఒకటి బలం తగ్గినా బండి వణుకులో, సౌండ్‌లో వెంటనే తెలిసిపోతుంది.

నల్ల పొగ

డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైందని అర్థం. మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మట్టి రోడ్ల మీద, చెరువు గట్ల మీద తిరిగే బండికి అది త్వరగా మూసుకుపోతుంది. ఫిల్టర్ బాగుంటే తర్వాత నాజిళ్లు టెస్ట్ చేయించండి, ఆ తర్వాతే పంపు. ఓవర్‌లోడ్ వేసి వంతెన ఎక్కిస్తే మంచి బండి కూడా కాస్త నల్లగా వదులుతుంది. పొల్యూషన్ టెస్ట్‌లో బీఎస్-4కి ముందు డీజిల్ బండ్లకి పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండ్లకి 50. కాబట్టి ఆ రిపోర్ట్ జేబులో పెట్టేసుకోకండి, అందులో అంకె చూడండి. పోయినసారి కంటే బాగా పెరిగిందంటే బండి ముందే చెప్తోందన్నమాట.

తెల్ల పొగ

ఇక్కడ వాసన ముఖ్యం. కళ్లు మండేలా పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ సరిగా కాలట్లేదు. చలికాలం పొద్దున్నే వచ్చి, ఇంజన్ వేడెక్కాక పోతే ముందుగా హీటర్ ప్లగ్‌లు చూపించండి. డీజిల్‌లో నీళ్లు కలిసినా ఇంజన్ మిస్ కొడుతూ తెల్లగా వదులుతుంది. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటే, ఒక గాజు సీసాలోకి వదిలి చూడండి. నీళ్లు అడుక్కి దిగిపోతాయి.

డీజిల్ వాసన లేకుండా, ఇంజన్ వేడెక్కినా పొగ ఆగకుండా, కూలెంట్ రోజూ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఆయిల్ గేజ్ కడ్డీ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే బండి స్టార్ట్ చేయకండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దండీ, చేతులు, మొహం కాలిపోతాయి.

నీలం పొగ

ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ముందు ఆయిల్ లెవెల్ చూడండి, ఎక్కువ పోసినా ఇలాగే వస్తుంది. స్టార్ట్ చేయగానే ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అయ్యుండొచ్చు. లోడ్ మీద ఆగకుండా వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడినుంచి కూడా పొగ గట్టిగా తన్నుతుంటే రింగులు, బోరు మీద అనుమానం. అప్పుడు కూడా "కంప్రెషన్ టెస్ట్ చేసి చూపించండి అన్నా" అని అడగండి. ఆ అంకె చూశాకే ఇంజన్ దింపించండి.

ఇక సౌండ్

పైనుంచి సన్నగా టకటకమంటే ట్యాపెట్ గ్యాప్, సెట్ చేయించుకుంటే చాలు. యాక్సిలరేటర్ ఇస్తే ఇనుము మీద కొట్టినట్టు కణకణమంటే నాజిల్ లేదా పంపు టైమింగ్. పాత రకం పంపు బండ్లలో మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలితే సౌండ్ పోతోందో పట్టేస్తాడు. మీరు ప్రయత్నించకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. కామన్ రైల్ బండ్లలో అయితే మెకానిక్ కూడా ఆ నట్టు ముట్టుకోకూడదు.

న్యూట్రల్‌లో క్లచ్ తొక్కితే సౌండ్ పోయిందా? అయితే ఇంజన్ వదిలేసి గేర్‌బాక్స్ వైపు చూపించండి.

కిందనుంచి బరువుగా, లోడ్ పడినప్పుడు దబదబమంటే బేరింగ్. ఆయిల్ లైట్ వెలిగినా అంతే. "ఇంకో పది కిలోమీటర్లేగా" అనుకోవద్దు, అక్కడే ఆపేయండి. సరుకు ఇంకో బండిలోకి మార్చుకోవచ్చు, క్రాంక్ పోతే మాత్రం రిపేర్ బిల్లు బండి రేటుతో పోటీపడుతుంది.

మన డెల్టాకి ఇంకో మాట. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు కోనసీమ లంకల్లో నీళ్లు ఎలా వచ్చాయో చూశాం. అలా నీళ్లలో మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. నాజిళ్లు తీయించి, నీళ్లు బయటికి పంపించి, ఆయిల్ మార్చాకే స్టార్టింగ్.

చివరిగా మీ ఫోన్‌తో ఒక పని. పొద్దున్న ఫస్ట్ స్టార్టింగ్ వీడియో తీయండి. ఒకరు సైలెన్సర్ దగ్గర, ఒకరు బండి దగ్గర, ఒక్క నిమిషం చాలు. షెడ్‌కి వెళ్లేసరికి ఇంజన్ వేడెక్కి ఆ పొగ, ఆ సౌండ్ మాయమైపోతాయి. వీడియో ఉంటే మెకానిక్‌కి చూపించి, "పొగ ఈ రంగు, ఇన్ని నిమిషాలు, సౌండ్ పైనుంచి" అని చెప్పొచ్చు. అప్పుడు ఆయన కూడా ఊహ మీద కాకుండా చూసి పని మొదలుపెడతాడు.

ఉంటానండి, జాగ్రత్తగా నడపండి.